జనం రాకముందు మండపం

నమస్కారం. ఈసారి డాలస్ నుంచి కాదు, ఒంగోలు నుంచి. మా అక్క కూతురికి ఈ సాయంత్రం ఓణీల వేడుక. ఏడింటికి అని కార్డులో అచ్చు వేయించారు, అంటే చుట్టాలు ఎనిమిదింటికి వస్తారు. నాకు కావలసింది ఆ గంటే. జనం ఒక్కసారి లోపలికి వచ్చాక మండపం అలంకరణ ఫొటోల్లో దొరకదు, తలల వెనక గులాబీ రంగు మరకలా మిగులుతుంది. పైగా నేను మేనమామను. లంగా, ఓణీ పెట్టాల్సింది నేనే కనుక అప్పటికి కెమెరా నా చేతిలో ఉండదు.

‘ఒరేయ్, ఖాళీ కుర్చీలకు ఫొటోలు ఎందుకురా?’ అని అక్క అటూ ఇటూ తిరుగుతూ అడుగుతోంది. అడగనివ్వండి. రేపు ఆల్బమ్ చూసి, ఇంత ఖర్చు పెట్టిన పూలు ఏవిరా అనేదీ తనే.

అమెరికా నుంచి కెమెరా తెచ్చుకునేవాళ్లకు ఒక్క మాట. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అంటే సెకనుకు 50 చుట్లు, ఒక్కో చుట్టులో వెలుగు రెండుసార్లు తగ్గుతుంది కనుక ఇక్కడ మామూలు ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ, అక్కడి అమరికతోనే వీడియో తీస్తే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. అందుకే నేను సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు సెకనులో యాభయ్యో వంతు సేపు వెలుగు) పెట్టుకున్నాను. డెకరేషన్ వాళ్ల రంగుల ఎల్ఈడీలు కొన్ని దీనికీ లొంగవు. అప్పుడు షట్టర్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, చారలు మాయమైన చోట ఆపడమే.

వేదిక వెనక పూలగోడ చూడండి. గులాబీలన్నీ ప్లాస్టిక్కే. బాగానే ఉంది, కాదనను. కానీ ఇలాంటిది డాలస్‌లో ప్రతి వారాంతం చూస్తూనే ఉన్నాను. రెండు ఫొటోలు తీసి వదిలేశాను. ఫొటోలో స్తంభాలు వంపు తిరగకూడదనుకుంటే వైడ్ లెన్స్ (దగ్గర నుంచే ఎక్కువ వెడల్పు పట్టేది) పక్కన పెట్టి, నాలుగు అడుగులు వెనక్కి నడవండి.

నన్ను ఆపింది నేల. ఇది చీమకుర్తి రాయి, బ్లాక్ గెలాక్సీ. మన ప్రకాశం జిల్లా గనుల నుంచే దేశదేశాలకు వెళ్తుంది. అందరూ గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి రాయి. నల్లటి నునుపులో మెరిసే ఈ రాగి రంగు చుక్కలు బ్రాంజైట్ ఖనిజపు రేణువులు. జేబురుమాలు పరిచి కెమెరాను నేలకు ఆనించి పెట్టాను. ఇప్పుడు చూడండి, పైన వేలాడే దీపాల వరుస కింద తలకిందులుగా పడింది, వాటి మధ్య రాయి చుక్కలు. ఏది దీపమో ఏది రాయో చెప్పడం కష్టం. ఇంతలో ఎవరో కుర్చీలు ఈడ్చుకుంటూ దాటారు, దుమ్ము గీతలు పడ్డాయి. మళ్లీ తుడిపించాను.

గుమ్మం దగ్గర ఒక పెద్దాయన కొబ్బరాకుతో చిలకలు అల్లుతున్నారు. ఈనె చీల్చి తీసేసి, ఆకును బొటనవేలి కింద మడిచి, రెండో పాయను దాని సందులోంచి దూర్చి లాగితే ముక్కు వచ్చేసింది. ఆయన చేతుల వైపు చూడనైనా చూడటం లేదు, లారీలోంచి అరటి చెట్లు దించే కుర్రవాళ్లను కేకలేస్తున్నారు. ఫ్లాష్ వేయలేదు. వేస్తే ఆకు మీది పచ్చదనం తెల్లబోతుంది. వాకిట్లో సాయంకాలపు వెలుగు సరిపోయింది.

డెకరేషన్ మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు. ‘సార్, ఆ ఫొటోలు నాకూ వాట్సాప్‌లో పెట్టండి. పని పూర్తయ్యే సరికి జనం వచ్చేస్తారు, రాత్రికి విప్పేస్తాం, మాకు ఒక్కటీ మిగలదు’ అన్నాడు. అన్నీ చూపించాను. నేల ఫొటో దాటేసి, వేదిక ఫొటో దగ్గర ఆగి, వేళ్లతో పెద్దది చేశాడు.

‘ఇక్కడ వైరు కనపడుతోంది సార్, ఆగండి’ అని నిచ్చెన తేవడానికి వెళ్లాడు.