41వ భాగం: ప్లానర్‌గా మొదటి సంవత్సరం

అక్క: అందరికీ నమస్కారం. ఇది 41వ భాగం. పోయినసారి మాట ఇచ్చినట్టే, స్థానిక సంస్థలో భూవినియోగ ప్లానర్‌గా కొత్తగా చేరినవారి మొదటి సంవత్సరం ఎలా ఉంటుందో ఇవాళ మాట్లాడుకుందాం. ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే, అసలు రోజంతా ఏం చేస్తారని.

తమ్ముడు: నగరాలు గీస్తారా అని అడిగినవారూ ఉన్నారు.

అక్క: నువ్వు చేరి పది నెలలయింది కదా, నువ్వే చెప్పు.

తమ్ముడు: గీసేది తక్కువ, చదివేది ఎక్కువ. పొద్దున కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఈ స్థలంలో దుకాణం పెట్టుకోవచ్చా, ఇంటి వెనక ఇంకో గది వేసుకోవచ్చా, పక్కవాళ్ళ ప్రహరీ మా హద్దులోకి వచ్చిందా అని అడుగుతారు. చివరిదానికి మా దగ్గర జవాబు ఉండదు. హద్దు తేల్చేది సర్వేయరు, అక్కడా తేలకపోతే కోర్టు. అయినా రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మధ్యాహ్నం నుంచి దరఖాస్తులు. అన్ని కాగితాలూ ఉన్నాయా, కొలతలు వేశారా, స్కేలు రాశారా, ఉత్తర దిక్కు బాణం...

అక్క: బాణం!

తమ్ముడు: చూశానక్కా, ప్రతి పటంలోనూ చూస్తున్నాను. బాణం గురించిన ఆ పాత భాగం విన్నవాళ్ళందరికీ గుర్తే.

అక్క: సరే, తర్వాత?

తమ్ముడు: దరఖాస్తు పూర్తిగా ఉందని తేలితే, చుట్టూ నిర్ణీత దూరంలో ఉన్న యజమానుల జాబితా జీఐఎస్‌లో, అంటే స్థలాల వివరాలున్న కంప్యూటర్ పటంలో, తీసి ఉత్తరాలు పంపిస్తాను. స్థలం ముందు ప్రకటన పలక పెట్టిస్తాను.

అక్క: ఆ పలక మీద రాత గురించి ఒక్క మాట.

తమ్ముడు: ఇంకా మూడు నిమిషాలు కూడా కాలేదు.

అక్క: కాకపోనీ. ఆ పలక దారిన పోయేవారి కోసం. వాళ్ళు దాని ముందు ఆగేది పది క్షణాలు. ఆ పది క్షణాల్లో వాళ్ళకు తెలియాల్సినవి మూడు. ఇక్కడ ఏం వస్తోంది, ఎంత పెద్దది వస్తోంది, ఏమైనా చెప్పాలంటే ఎక్కడికి ఎప్పటిలోగా వెళ్ళాలి. మనం రాసేదేమో నియమం సంఖ్య, దాని కింద ఉపనియమం సంఖ్య, చివర 'సడలింపు కోరడమైనది'. 1969లో, అమెరికా గృహ నిర్మాణ శాఖకు సలహాదారుగా పనిచేసిన షెర్రీ ఆర్న్‌స్టీన్ పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అందులో సమాచారం ఇవ్వడం మూడో మెట్టు. నిజమైన భాగస్వామ్యం ఆరో మెట్టు దగ్గర గాని మొదలు కాదు. మనం మూడో మెట్టు మీద కూడా కాలు సరిగ్గా పెట్టలేదు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. ఇక నివేదిక సంగతి. ప్రతి దరఖాస్తుకూ ఒక నివేదిక రాయాలి. స్థలం ఎలా ఉంది, నియమం ఏమంటోంది, చుట్టుపక్కలవారు ఏమన్నారు, మా సిఫారసు ఏమిటి. నిర్ణయం మాత్రం మాది కాదు, మండలిది. బహిరంగ విచారణ రోజు నిలబడి ఆ నివేదికను వివరించాలి. మొదటి విచారణలో నా గొంతు వణికింది. మా సీనియర్ ముందురోజే చెప్పారు, తెలియనిది అడిగితే తెలుసుకొని చెబుతాననమని. ఆ ఒక్క సలహా నన్ను కాపాడింది.

అక్క: మంచి సలహా. ఇప్పుడు ఏ నివేదిక మీద ఉన్నావు?

తమ్ముడు: ఒక మినహాయింపు దరఖాస్తు. వచ్చేవారమే విచారణ. ఊరూ పేరూ చెప్పను. ఒక ఇంటివారు గుమ్మం ముందు ర్యాంపు కట్టుకుంటామన్నారు. ఇంట్లో పెద్దావిడ చక్రాల కుర్చీలో ఉన్నారు. ముందు సెట్‌బ్యాక్, అంటే వీధివైపు కట్టకుండా వదలాల్సిన జాగా, 6 మీటర్లు. ఇల్లు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. అంటే ముందువైపు ఏం కట్టినా సెట్‌బ్యాక్‌లోకే వస్తుంది. తిరస్కరించమని చిత్తుప్రతి రాశాను.

అక్క: తిరస్కరించమనా?

తమ్ముడు: నేను చెప్పేది పూర్తిగా విను. మినహాయింపు ఇవ్వాలంటే ఆ కష్టం నేల నుంచి రావాలి. స్థలం వంకరగా ఉందనో, మధ్యలో బండ ఉందనో, విపరీతమైన వాలు ఉందనో చూపించాలి. యజమాని సొంత పరిస్థితి లెక్కలోకి రాదు. మనుషులు మారతారు, ఇల్లు చేతులు మారుతుంది, కట్టడం మాత్రం ఉండిపోతుంది. నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదిది. 1939లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఓటో కేసులో పెట్టిన పరీక్షలోనూ ఆ స్థలానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఉండాలన్నారు.

అక్క: ఆ కేసు భూమిని వాడుకొనే తీరు మార్చడం గురించి. అక్కడ నివాస ప్రాంతంలో వ్యాపారం పెట్టుకోవాలనుకున్నారు. గుమ్మం ముందు ర్యాంపుకు ఆ కొలబద్ద పెడతావా?

తమ్ముడు: రెండింటికీ మూలం ఒకటే. ఇవాళ నేను పెద్దావిడ ఆరోగ్యాన్ని కష్టంగా రాస్తే, రేపు ఇంకొకరు మూడో కారు షెడ్డు కోసం వచ్చి తమ నడుంనొప్పిని కష్టమంటారు. వాళ్ళు వకీలును వెంటబెట్టుకొని వస్తారు, నా నివేదికలోని వాక్యాలే నాకు చదివి వినిపిస్తారు. ఈ పది నెలల్లో చూశాను కదా, మినహాయింపులు అడిగేవారిలో ఎక్కువమంది అడిగే స్తోమత ఉన్నవాళ్ళే. నియమాన్ని గట్టిగా పట్టుకుంటేనే స్తోమత లేనివాళ్ళకు రక్షణ.

అక్క: అది నిజం. కాదనను. కానీ నియమంతో పాటే మినహాయింపు ఎందుకు పుట్టిందో చూడు. న్యూయార్క్‌లో 1915లో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. 38 అంతస్తులు, కాలిబాట అంచు నుంచి ఎక్కడా వెనక్కి తగ్గకుండా నిటారుగా లేచింది. చుట్టుపక్కల వీధులకు ఎండ తగలకుండా పోయింది. మరుసటి ఏడాదే, 1916లో, నగరం మొత్తానికీ జోనింగ్ నియమాలు, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో, ఎంత కట్టవచ్చో చెప్పే నియమాలు, వచ్చాయి. అదే సమయంలో మినహాయింపులు విచారించే అప్పీళ్ళ మండలి కూడా వచ్చింది. ఆ నియమాల వెనక ఉన్న ఎడ్వర్డ్ బాసెట్ స్వయంగా న్యాయవాది. అక్షరం పట్టుకొని నడిపితే ఎక్కడో ఒకచోట అన్యాయం జరుగుతుందని, అప్పుడు కోర్టు మొత్తం చట్టాన్నే కొట్టేస్తుందని ఆయనకు తెలుసు. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ ఎలాంటిదో జోనింగ్‌కు ఆ మండలి అలాంటిది.

తమ్ముడు: సేఫ్టీ వాల్వ్ అస్తమానం తెరిచి ఉంచితే కుక్కర్ పనిచేయదు.

అక్క: ఎప్పుడూ తెరవకపోతే? 1920లలో అమెరికా వాణిజ్య శాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టంలో మినహాయింపు గురించి ఏం రాశారో తెలుసా? అనవసరమైన కష్టం అన్నారు. ఆ వాక్యం చివర, నియమం స్ఫూర్తి నిలవాలి, న్యాయం జరగాలి అన్నారు. నీ చిత్తుప్రతిలో మొదటి ముక్క ఉంది, రెండోది ఉందా?

తమ్ముడు: స్ఫూర్తి ఏమిటో నిర్ణయించడానికి నేనెవరిని అక్కా? నిన్నగాక మొన్న చేరాను. అందరికీ ఒకే కొలత పెట్టాలని నన్ను అక్కడ కూర్చోబెట్టారు.

అక్క: 1965లోనే అమెరికా ప్లానర్ పాల్ డేవిడాఫ్ అన్నాడు, ప్లానర్ కేవలం కొలిచేవాడు కాడు, ఏ విలువ తరఫున మాట్లాడుతున్నాడో బయటికి చెప్పాలి అని.

తమ్ముడు: అలాగే చెబుతున్నాను, అందరికీ సమానంగా అనే విలువ తరఫున. అదీ విలువే కదా. నువ్వు పుస్తకాల్లోంచి మాట్లాడుతున్నావు. ఆ నివేదిక కింద సంతకం నాది. ఆవిడ విచారణకు వస్తారు. ఆవిడ ముందు నిలబడి తిరస్కరించమని చదవాల్సింది నేను. నాకు నిద్ర పట్టడం లేదు.

(కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.)

అక్క: తప్పుగా మాట్లాడాను. ఆ సంగతి ముందే అడగాల్సింది.

తమ్ముడు: ఫర్వాలేదు.

అక్క: ఒకటి అడుగుతాను, వాదించడానికి కాదు. ర్యాంపు ఎంత పొడవు?

తమ్ముడు: గుమ్మం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఒకటికి పన్నెండు వాలు, ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు. అంటే 8.4 మీటర్లు. నేరుగా వీధివైపు వేస్తే 6 మీటర్లలో పట్టదు. అందుకే గోడ వెంబడి రెండు మడతలుగా గీశారు. సెట్‌బ్యాక్‌లోకి 2.5 మీటర్లు వస్తుంది.

అక్క: ఇప్పుడు ఆ గుమ్మానికి మెట్లు ఉన్నాయా?

తమ్ముడు: ఉన్నాయి, నాలుగు మెట్లు.

అక్క: ఆ మెట్లు సెట్‌బ్యాక్‌లో లేవా?

తమ్ముడు: ఉన్నాయి. మెట్లకు అనుమతి ఉంది. సెట్‌బ్యాక్‌లోకి రాదగినవాటి జాబితా నియమాల్లోనే ఉంటుంది కదా. మెట్లు, సజ్జాలు, కిటికీల మీది చూరు...

అక్క: ర్యాంపు?

తమ్ముడు: జాబితాలో లేదు.

అక్క: అంటే నడిచి ఎక్కేవాళ్ళు గుమ్మం చేరడానికి కట్టుకున్నదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే గుమ్మానికి చక్రాల మీద చేరాలంటే దరఖాస్తు, రుసుము, పలక, విచారణ, మండలి. ఆ జాబితా రాసినరోజు గదిలో చక్రాల కుర్చీ లేదు. అంతే.

తమ్ముడు: నేను దాన్ని అలా చూడలేదు.

అక్క: ఎవరూ చూడలేదు. నేను ఎనిమిదేళ్ళు ఆ జాబితాను అలాగే చదివాను. అమెరికాలో, ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌కు 1988లో సవరణలు తెచ్చాక, వికలాంగులు ఇంటిని సమానంగా వాడుకోవడానికి అవసరమైతే నియమాల్లో సమంజసమైన సర్దుబాటు చేయాలి. జోనింగ్ నియమాలకూ అది వర్తిస్తుంది. అది మినహాయింపు కాదు, నేలలో కష్టం చూపించమని అడగరు. దానికి వేరే దారి, వేరే ప్రశ్న.

తమ్ముడు: ఆ దారి ఇక్కడ లేదు కదా. నా ముందున్న కాగితం మినహాయింపు దరఖాస్తే. రేపు జాబితా మారవచ్చు, విచారణ మాత్రం వచ్చేవారమే.

అక్క: అయితే ఇంకో ప్రశ్న. 70 సెంటీమీటర్లు ఎందుకు? ఆ వీధిలో మిగతా గుమ్మాలు కూడా అంత ఎత్తులోనే ఉన్నాయా?

తమ్ముడు: ఎదురు వరుసవి లేవు. అటు రెండు మెట్లే.

అక్క: నువ్వు వెళ్ళి చూశావా?

తమ్ముడు: వీధి ఫొటోల్లో చూశాను. స్థల పరిశీలనకు వెళ్ళాల్సినరోజు కౌంటర్‌లో ఇంకెవరూ లేరు.

అక్క: ఈ వరుస పల్లంలో ఉందా?

తమ్ముడు: ఉండు. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు పటం తెరుస్తున్నాను. అవును, ఎదురు వరుస కంటే ఇటు దిగువ. వెనక కాలువ ఉంది.

అక్క: వరద నీరు వచ్చే హద్దు, ముంపు గీత, ఎక్కడ ఉంది?

తమ్ముడు: స్థలంలో వెనక సగం ఆ గీతకు లోపలే. ముంపు ప్రాంతంలో ఇంటి నేలమట్టం ఎత్తులో ఉండాలన్న నియమం మాకు ఉంది. ఆ నియమం వల్లే ఇంటిని ఎత్తులో కట్టించి ఉంటే...

అక్క: ఆ ఎత్తు వాళ్ళు కోరుకున్నది కాదు.

తమ్ముడు: నేలే కోరింది. అక్కా, వెనక పక్క కాలువ ఉంది కాబట్టి అటునుంచి కూడా ర్యాంపు వేయలేరు. ఇది నేల నుంచి వచ్చిన కష్టమే. ఇది రాయవచ్చు. ఆ ఇంటి పాత నిర్మాణ అనుమతి ఫైలు బయటికి తీయాలి. అందులో నేలమట్టం ఎందుకు ఎత్తారో రాసి ఉంటేనే నిలబడుతుంది. లేకపోతే నా ఊహ అవుతుంది.

అక్క: తీయి. కానీ నాకు ఇందులో సంతోషం సగమే. ఆవిడ ఇల్లు పల్లంలో ఉండబట్టి దారి దొరికింది. ఎదురు వరుసలో ఇదే కుర్చీలో ఇంకొకరు ఉంటే? అక్కడ గుమ్మం 30 సెంటీమీటర్లే ఉందనుకో. నేలలో ఏ కష్టమూ లేదు. 3.6 మీటర్ల ర్యాంపుకు ఆమెకు కాదంటావు.

తమ్ముడు: అందుకే జాబితా మారాలి. సవరణ ప్రతిపాదన నాలాంటి కొత్తవాడు పెట్టవచ్చా?

అక్క: నివేదిక చివర ఒక పేరా రాయి. ఇలాంటి దరఖాస్తులు ఎన్ని వచ్చాయో పాత ఫైళ్ళు చూసి లెక్క రాయి. సవరణలు అలాగే మొదలవుతాయి. పెద్ద ప్రణాళికలు ఇరవయ్యేళ్ళకోసారి రాస్తారు, జాబితాలో ఒక పదం చేర్చడానికి అంతకాలం ఆగనక్కర్లేదు.

తమ్ముడు: మొదటి సంవత్సరం గురించి ఉత్తరాల్లో ఇంకా చాలా అడిగారు. జీతం, పరీక్షలు, ఏ చదువు ఉండాలి...

అక్క: చదువు సంగతి 12వ భాగంలో ఉంది. పటం చదవడం, స్పష్టంగా రాయడం, కోపంగా ఉన్న మనిషి మాట చివరిదాకా వినడం, ఈ మూడూ వస్తే మిగతాది అక్కడే నేర్చుకోవచ్చు. ఈ దరఖాస్తు మీద అభ్యంతరాలేమైనా వచ్చాయా?

తమ్ముడు: పదకొండు. దాదాపు అన్నింట్లోనూ ఒకే మాట. నివాస వీధిలో దుకాణం పెట్టనివ్వం అని.

అక్క: దుకాణమా? ఎక్కడి దుకాణం?

తమ్ముడు: అదే నాకూ అర్థం కాలేదు. దరఖాస్తులో దుకాణం మాటే లేదు.

అక్క: పలక మీద ఏం రాశారు?

తమ్ముడు: ముందరి సెట్‌బ్యాక్‌లో 2.5 మీటర్ల మేర నిర్మాణానికి సడలింపు కోరడమైనది.

అక్క: ర్యాంపు అన్న మాట ఎక్కడా లేదు.

తమ్ముడు: లేదు. ఇంటి ముందు ఏదో నిర్మాణం వస్తోందని చదివారు, దుకాణమనుకున్నారు. ఆ పదకొండుమందీ ఆవిడకు ఇరుగుపొరుగువాళ్ళే. ఆ రాత నాదే అక్కా. పాత నమూనాలో సంఖ్యలు మార్చి పెట్టాను.

అక్క: విచారణ లోపల పలక మార్చడానికి సమయం ఉందా?

తమ్ముడు: చట్టప్రకారం ఇచ్చిన ప్రకటనను మారిస్తే గడువు మళ్ళీ మొదలవుతుందేమో అడగాలి. మార్చకుండా, దాని పక్కనే ఇంకో కాగితం పెట్టవచ్చా అని కూడా అడగాలి. రేపు ఎలాగూ అక్కడికి వెళ్తున్నాను, టేపు పట్టుకొని.

అక్క: ఏమని రాస్తావు?

తమ్ముడు: ఈ ఇంటి గుమ్మానికి చక్రాల కుర్చీ కోసం ర్యాంపు...

అక్క: దుకాణం కాదని రాయకు. ఆ మాట చదివితే మళ్ళీ దుకాణమే గుర్తుంటుంది.

తమ్ముడు: సరే. ర్యాంపు, 2.5 మీటర్లు, ప్రహరీ లోపలే. విచారణ తేదీ. ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో.

అక్క: ఎవరి నంబరు?

తమ్ముడు: నాదే. కౌంటర్ నంబరు పెడితే ఎవరూ ఎత్తరు. ఒక్క నిమిషం, మా సీనియర్ ఫోను చేస్తున్నారు. ఆ పాత ఫైలు గురించే అయి ఉంటుంది.

అక్క: మాట్లాడు, నేను ఇక్కడ ఆపేస్తాను.