లైసెన్సు గుప్పిట్లో టీవీ: అమెరికా మీడియా మీద కన్జర్వేటివ్‌ల పట్టు ఎంత?

(చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: మీడియా అధ్యయనాలు బోధించే అధ్యాపకురాలు, ప్రసార చట్టాలు చూసే న్యాయవాది, అమెరికా వ్యవహారాలు రాసే సీనియర్ జర్నలిస్టు. ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోట్లను అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. ఏబీసీ టీవీలో రాత్రిపూట వచ్చే జిమ్మీ కిమ్మెల్ కామెడీ షో మళ్లీ మొదలైంది. కన్జర్వేటివ్ ఉద్యమకారుడు చార్లీ కర్క్ హత్య గురించి ఆయన 2025 సెప్టెంబర్ 15న చేసిన వ్యాఖ్యల మీద దుమారం రేగింది. 17న ఏబీసీ షోను నిరవధికంగా ఆపేసి, 23న తిరిగి తెచ్చింది. అయినా నెక్స్‌స్టార్, సింక్లెయిర్ కంపెనీలు తమ స్టేషన్లలో వేయలేదు. చివరికి 26న, శుక్రవారం, అవీ దిగొచ్చాయి. అమెరికా మీడియా లిబరల్స్ చేతిలో ఉందని ఇన్నాళ్లూ విన్నాం, ఇప్పుడు అది కన్జర్వేటివ్‌ల చేతిలో ఉందని లిబరల్సే అంటున్నారు. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. మేడమ్, మీతో మొదలుపెడదాం. ఇది 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఆపేసినట్టే కదా?

అధ్యాపకురాలు: కాదండీ. అక్కడ ఆపింది మధ్యలో ఉన్న కేబుల్ వాళ్లు. ఇక్కడ ఆపింది స్టేషన్ యజమానులే. అమెరికాలో ఏబీసీ, సీబీఎస్ లాంటి నెట్‌వర్క్‌లకు లైసెన్సే ఉండదు. ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్సు ఇచ్చేది ఊరూరా ఉన్న స్టేషన్లకు, ఎనిమిదేళ్లకోసారి. ఏబీసీ సొంతంగా నడిపే స్టేషన్లు 8 మాత్రమే. మిగతా రెండొందల పైచిలుకు వేరే కంపెనీలవి, అందులో దాదాపు 70 ఈ రెండు కంపెనీల చేతిలో ఉన్నాయి. అంటే షో తీసేది ఒకరు, ఇళ్లకు చేర్చేది ఇంకొకరు. ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ 17న ఒక పాడ్‌కాస్ట్‌లో కూర్చుని, దీన్ని సులువుగా తేల్చుకోవచ్చు, కష్టంగానూ తేల్చుకోవచ్చు అన్నారు. కొన్ని గంటల్లో నెక్స్‌స్టార్ షో వేయబోమని చెప్పింది, వెనకే ఏబీసీ ఆపేసింది...

న్యాయవాది: ఒక్క మాట చెప్పాలి. స్టేషన్‌కి ఆ హక్కు ఉంది. నెట్‌వర్క్ ఇచ్చిన కార్యక్రమం తమ ఊరి ప్రేక్షకులకు తగదనిపిస్తే తిరస్కరించొచ్చని ఎఫ్‌సీసీ నిబంధనల్లోనే...

అధ్యాపకురాలు: ఉంది, కాదనట్లేదు. కానీ ఆ హక్కు ఎప్పుడు గుర్తొచ్చిందో చూడండి. నెక్స్‌స్టార్ ఆగస్టు 19న టెగ్నా అనే మరో స్టేషన్ల కంపెనీని 6.2 బిలియన్ డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. రెండూ కలిస్తే 265 స్టేషన్లు, దేశంలో 80 శాతం ఇళ్లకు చేరతాయి. చట్టం ఒక కంపెనీకి అనుమతించేది 39 శాతమే. ఆ పరిమితి మార్చాలన్నా సడలించాలన్నా ఎవరి సంతకం కావాలి? ఇదే కార్ గారిది. నేను అడిగేది ఇదొక్కటే. ఫైలు ఎవరి బల్ల మీద ఉంది?

యాంకర్: అంటే ప్రభుత్వం కళ్లెర్ర చేస్తే ఆపరేటర్ వణికాడు. మన కేబుల్ కథే కదా! లాయర్ గారూ?

న్యాయవాది: కేబుల్ సంగతి పక్కన పెట్టండి సార్. కార్ మాటలు తప్పు. రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజే మాఫియా బెదిరింపులా ఉందన్నారు. నేనూ సమర్థించను. కానీ మేడమ్ గారి వాదనలో చరిత్ర సగమే ఉంది. లైసెన్సు చూపించి నోరు నొక్కడం కన్జర్వేటివ్‌లు కనిపెట్టింది కాదు. 1964లో పెన్సిల్వేనియాలో రెడ్ లయన్ అనే ఊళ్లో ఒక చిన్న రేడియో స్టేషన్ ఉండేది. బిల్లీ జేమ్స్ హార్గిస్ అనే మత ప్రచారకుడు 15 నిమిషాల కార్యక్రమంలో ఫ్రెడ్ కుక్ అనే రచయితను తిట్టాడు. జవాబు చెప్పడానికి తనకు ఉచితంగా సమయం ఇవ్వాలని కుక్ పట్టుబట్టాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1969లో ఎఫ్‌సీసీ గెలిచింది. ఇలా సమయం అడిగే ఉద్యమం వెనుక డెమోక్రటిక్ నేషనల్ కమిటీ ఉందని తర్వాత బయటపడింది. చిన్న స్టేషన్లకు ఉచిత సమయం ఇచ్చే స్తోమత ఉండదు, కాబట్టి కన్జర్వేటివ్ కార్యక్రమాలనే వదిలేస్తాయని వాళ్ల లెక్క. దానికి వాడుకున్నది ఫెయిర్‌నెస్ డాక్ట్రినే, అంటే వివాదాస్పద విషయాల్లో రెండో పక్షానికీ చోటివ్వాలన్న ఎఫ్‌సీసీ నియమాన్నే. లిబరల్స్ ఇప్పటికీ దాన్ని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకుంటారు.

అధ్యాపకురాలు: ఆ సిద్ధాంతం 1949 నుంచి ఉంది. దాన్ని చట్టంగా మారుద్దామని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, బిల్లు పాస్ చేస్తే 1987 జూన్‌లో రీగన్ వీటో చేశారు, ఆగస్టులో ఎఫ్‌సీసీ ఎత్తేసింది. మరుసటి ఏడాదే కన్జర్వేటివ్ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా దేశమంతటా...

న్యాయవాది: అక్కడే పొరపాటు. దాన్ని ఎత్తేయడం వల్లే ఫాక్స్ న్యూస్ అనే కన్జర్వేటివ్ ఛానెల్ వచ్చిందని చాలామంది రాస్తారు. ఆ నియమం గాలి తరంగాల మీద ప్రసారమయ్యే వాటికే వర్తించేది. ఫాక్స్ న్యూస్ కేబుల్ ఛానెల్. నియమం ఉన్నా దాన్ని తాకేది కాదు.

అధ్యాపకురాలు: ఫాక్స్ విషయంలో ఒప్పుకుంటాను. రేడియో విషయంలో ఒప్పుకోను. పాటలన్నీ ఎఫ్‌ఎంకి వెళ్లిపోయాయి, ఏఎం స్టేషన్లు ఏం వేయాలో తెలియక ఉన్నాయి. లింబా కార్యక్రమాన్ని మొదట్లో డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, బదులుగా కొన్ని ప్రకటనల నిమిషాలు తమవన్నారు. స్టేషన్‌కి పైసా ఖర్చు లేకుండా రోజుకు మూడు గంటలు నిండిపోయాయి. తర్వాత 1996 టెలికాం చట్టం వచ్చింది. అంతకుముందు ఒక కంపెనీకి దేశం మొత్తం మీద ఏఎం, ఎఫ్‌ఎం కలిపి 40 స్టేషన్లే. ఆ పరిమితి తీసేశారు, పెద్ద నగరంలో ఒక్కరికే 8 దాకా అనుమతించారు. క్లియర్ ఛానెల్ అనే రేడియో కంపెనీ స్టేషన్లు పన్నెండు వందలు దాటాయి. ఒకే గొంతు అన్ని ఊళ్లలో...

జర్నలిస్టు: మేడమ్, ఆ చట్టం మీద సంతకం చేసింది క్లింటన్.

అధ్యాపకురాలు: అవును, క్లింటనే. డెమోక్రాట్లు చేసిన పెద్ద తప్పుల్లో అదొకటి. నేను పార్టీ తరఫున మాట్లాడట్లేదు, యాజమాన్యం గురించి మాట్లాడుతున్నాను. ఫాక్స్‌నే తీసుకోండి. మామూలుగా ఛానెల్‌కి కేబుల్ కంపెనీ డబ్బిస్తుంది. 1996 అక్టోబర్ 7న ఫాక్స్ మొదలైనప్పుడు దాని యజమాని మర్డాక్ ఎదురు డబ్బిచ్చాడు, చందాదారుకు సుమారు 10 డాలర్లు. మంచి కార్యక్రమాలుంటే జనమే చూస్తారు అంటారు కదా, ముందు తలుపు కొన్నాడు. ఆ ఛానెల్ కొన్ని ఊళ్లకు ముందు, కొన్నింటికి ఆలస్యంగా చేరింది. ఆ తేడా పట్టుకుని డెల్లావిన్యా, కాప్లాన్ అనే ఆర్థికవేత్తలు 2007లో లెక్క తేల్చారు. ఫాక్స్ చేరిన ఊళ్లలో 2000 నాటికి రిపబ్లికన్ ఓట్లు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగాయి. చిన్న అంకె అనిపిస్తుంది. ఆ ఏడాది ఫ్లోరిడాలో బుష్ మెజారిటీ 537 ఓట్లు!

యాంకర్: ఇది బాగుంది. అంటే కేబుల్ వాడు ఎవరి చేతిలో ఉంటే...

న్యాయవాది: సార్, ఆ అంకె మీద నాకు జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి.

యాంకర్: ఇస్తాను, ఒక్క క్షణం. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ చాలాచోట్ల కేబుల్‌లో రాలేదు. ఈ పోలిక మన ప్రేక్షకులకు బాగా అర్థమవుతుంది. జర్నలిస్టు గారూ, మీరు చెప్పండి.

జర్నలిస్టు: పోలిక కొంతవరకే కుదురుతుందండీ. అమెరికాలో కేబుల్‌లో ఛానెల్ ఆగిందంటే మామూలుగా డబ్బు తగాదా. 1992 చట్టం ప్రకారం కేబుల్ కంపెనీ స్టేషన్ అనుమతి తీసుకోవాలి, దానికి ఫీజు కట్టాలి. ఒప్పందం ముగిసే రోజు బేరం తెగకపోతే తెర నల్లబడుతుంది. నేను చెప్పాలనుకున్నది వేరే. కిమ్మెల్ గొడవ జరిగిన వారంలోనే, 19న, హెచ్1బీ మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి అన్నారు. మర్నాడు వైట్‌హౌస్ ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే అంది. ఆ రాత్రి ఫ్రిస్కో, ఎడిసన్ లాంటి చోట్ల ఉన్న తెలుగు కుటుంబాలకు కావాల్సింది ప్రకటన పాఠం చదివి, పాత వీసా ఉన్నవాళ్లకు వర్తిస్తుందా లేదా చెప్పే రిపోర్టరు. లెఫ్టా రైటా అని కొట్టుకునే లోపు ఆ స్థానిక న్యూస్‌రూమ్...

అధ్యాపకురాలు: అదే నేననేది! స్థానిక న్యూస్‌రూమ్‌ని ఎవరు తింటున్నారు? సింక్లెయిర్ స్టేషన్ కొన్నాక ఏం జరుగుతుందో మార్టిన్, మెక్‌క్రెయిన్ 2019లో కొలిచి చూపించారు. ఊరి వార్తలు తగ్గి జాతీయ రాజకీయాలు పెరుగుతాయి, మొగ్గు కుడివైపుకి జరుగుతుంది. ప్రేక్షకులు కొద్దిగా తగ్గుతారు కూడా. అంటే జనం కోరి చేసిన మార్పు కాదు. 2018లో ఏం చేశారో తెలుసు కదా? తప్పుడు వార్తల మీద ఒక స్క్రిప్టు పంపి పదుల స్టేషన్లలో యాంకర్ల చేత అక్షరం పొల్లుపోకుండా చదివించారు. ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి ఎవరో వీడియో చేస్తే తప్ప ప్రపంచానికి తెలియలేదు. ఎందుకంటే ఏ ఊరివాళ్లకి ఆ ఊరి యాంకరే కనిపిస్తాడు, మన ఊరి మనిషి చెబుతున్నాడనుకుంటారు.

న్యాయవాది: ఆ సింక్లెయిర్‌నే ఆపిందెవరు? ట్రిబ్యూన్ అనే స్టేషన్ల కంపెనీని 3.9 బిలియన్లకు కొనబోతే 2018 జూలైలో విచారణకు పంపింది ట్రంప్ ఎఫ్‌సీసీ ఛైర్మన్‌ని చేసిన అజిత్ పాయ్. కొన్ని స్టేషన్లను తమ మనుషులకే అమ్మినట్టు చూపించి చేతిలోనే ఉంచుకునే ఏర్పాటు చేశారని ఎఫ్‌సీసీ అనుమానించింది. ట్రిబ్యూన్ వెనక్కి తగ్గింది, 2020లో సింక్లెయిర్ 48 మిలియన్లు జరిమానా కట్టింది. కన్జర్వేటివ్ నియంత్రణ సంస్థే కన్జర్వేటివ్ కంపెనీని ఆపింది. మేడమ్ బొమ్మలో దీనికి చోటు లేదు.

అధ్యాపకురాలు: చోటుంది. అదే పాయ్ 2017లో యూహెచ్‌ఎఫ్ డిస్కౌంట్‌ని బతికించాడు. అదేంటో ప్రేక్షకులకు చెప్పాలి. అనలాగ్ రోజుల్లో 14, ఆపై నంబర్ల ఛానెళ్ల సిగ్నల్ బలహీనంగా ఉండేది. అందుకని వాటి ఇళ్లను సగమే లెక్కేసేవారు. ఒక నగరంలో దేశపు ఇళ్లలో 2 శాతం ఉన్నాయనుకోండి, అక్కడ మీ స్టేషన్ యూహెచ్‌ఎఫ్ అయితే మీ ఖాతాలో 1 శాతమే పడుతుంది. 2009 జూన్‌లో అంతా డిజిటల్ అయింది, ఇప్పుడు ఆ ఛానెళ్లే బాగా వస్తాయి. కారణం పోయింది, రాయితీ మిగిలింది. 2016లో తీసేశారు, ఏడాది తిరక్కుండా పాయ్ వెనక్కి తెచ్చాడు. 39 అనే అంకెకూ అంతే పవిత్రత. 2003లో ఎఫ్‌సీసీ 45 అంటే, మరుసటి ఏడాది కాంగ్రెస్ 39 దగ్గర ఆపింది. అప్పటికే 35 దాటేసిన ఫాక్స్, వయాకామ్ ఏమీ అమ్మక్కర్లేకుండా సరిపోయే అంకె అది!

యాంకర్: అద్భుతంగా చెప్పారు మేడమ్.

న్యాయవాది: సమాన సమయం అన్నారు సార్.

యాంకర్: మీకే ఇస్తున్నాను, చెప్పండి.

న్యాయవాది: రెండు విషయాలు. ఒకటి, కిమ్మెల్ వారంలో తిరిగొచ్చాడు. ప్రేక్షకులు ఏబీసీ యజమాని డిస్నీ చందాలు రద్దు చేసుకున్నారు, కళాకారులు లేఖలు రాశారు. తిరిగొచ్చిన రోజు 60 లక్షల మందికి పైగా చూశారు, దాదాపు నాలుగోవంతు దేశంలో రాకపోయినా. మీడియా కన్జర్వేటివ్‌ల గుప్పిట్లో ఉంటే ఇది జరిగేదా? రెండు, ఫాక్స్ అబద్ధం చెబితే చట్టం ఊరుకోలేదు. ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్‌కి 2023 ఏప్రిల్‌లో 787.5 మిలియన్లు కట్టింది...

అధ్యాపకురాలు: డబ్బు కట్టినవాళ్ల జాబితా నేను పూర్తి చేస్తాను. ఏబీసీ గత డిసెంబర్‌లో ట్రంప్‌తో పరువు నష్టం కేసులో 15 మిలియన్లకు రాజీ పడింది. కమలా హారిస్ ఇంటర్వ్యూ ఎడిటింగ్ మీద ట్రంప్ వేసిన కేసులో సీబీఎస్ యజమాని పారామౌంట్ ఈ జూలై మొదట్లో 16 మిలియన్లు ఒప్పుకుంది. అది కోర్టులో నిలవని కేసని చాలామంది న్యాయ నిపుణులే అన్నారు. మూడు వారాలు గడిచాయో లేదో, జూలై 24న స్కైడాన్స్ అనే కంపెనీతో పారామౌంట్ విలీనానికి ఎఫ్‌సీసీ పచ్చజెండా ఊపింది. సీబీఎస్ వార్తల్లో పక్షపాతం ఫిర్యాదులు చూసేందుకు అంబుడ్స్‌మన్‌ని పెడతామని కంపెనీ చేత మాట కూడా తీసుకుంది. డొమినియన్ కేసులో కోర్టు సాక్ష్యాలు చూసింది. ఇక్కడ సాక్ష్యం ఎవరు చూశారు? విలీనం ఫైలు చూశారు, చెక్కు రాశారు.

న్యాయవాది: ఆ రెండింటికీ సంబంధం ఉందని రుజువు లేదు. కంపెనీ కూడా లేదనే అంది.

అధ్యాపకురాలు: రుజువు అక్కర్లేకుండా భయం పని చేస్తుంది. అదే దీని బలం.

జర్నలిస్టు: నేనొకటి కలపాలి. ప్రభుత్వ ప్రసారాలకు రెండేళ్లకు కేటాయించిన 1.1 బిలియన్లు జూలైలో కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. దెబ్బ తగిలేది న్యూయార్క్ స్టేషన్‌కి కాదు, దానికి దాతలున్నారు. అలాస్కాలో, గిరిజన ప్రాంతాల్లో బడ్జెట్‌లో పెద్ద భాగం ఆ గ్రాంటే అయిన చిన్న రేడియోలకు తగులుతుంది. అక్కడ తుపాను హెచ్చరిక...

యాంకర్: సార్, సమయం దగ్గరపడింది. మీకు చివర్లో ముప్పై సెకన్లు ఇస్తాను. మేడమ్, ఇంతకీ పరిష్కారం? మన ట్రాయ్ లాంటి సంస్థ అక్కడ...

అధ్యాపకురాలు: ట్రాయ్ కాదండీ. 39 శాతాన్ని డిస్కౌంట్ లేకుండా లెక్కేయాలి. విలీనం విచారణలో ఉన్నంత కాలం ఆ కంపెనీ కార్యక్రమాల గురించి కమిషనర్లు బయట మాట్లాడకూడదని రాతపూర్వక నియమం పెట్టాలి. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ తిరిగి రావాలని నేను అడగను, లాయర్ గారు చెప్పిన రెడ్ లయన్ భయం నిజమే. ఇప్పుడున్న కమిషన్ చేతిలో అది ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి...

న్యాయవాది: చూశారా, నా వాదనకే వచ్చారు! ప్రభుత్వం చేతిలో...

అధ్యాపకురాలు: సగానికే వచ్చాను. మీరు ప్రభుత్వాన్ని తగ్గించమంటారు, కంపెనీని పెరగనిమ్మంటారు. కంపెనీ పెరిగితే ప్రభుత్వానికి లొంగాల్సిన ఫైళ్లు కూడా పెరుగుతాయి.

యాంకర్: సరే, మేడమ్ లెక్కలతో సహా చెప్పారు కాబట్టి, యాజమాన్యమే అసలు సమస్య అని ఈ రోజు మనకు తేలింది...

న్యాయవాది: ఏమీ తేలలేదు సార్. 0.7 శాతం మీద నా జవాబే వినలేదు మీరు. అది 2000 నాటి లెక్క, యూట్యూబ్ లేని రోజులది.

జర్నలిస్టు: నా ముప్పై సెకన్లు?

యాంకర్: క్షమించాలి, వార్తల సమయం అయింది. టెగ్నా విలీనం మీద ఎఫ్‌సీసీ నిర్ణయం వచ్చాక మళ్లీ కూర్చుందాం. అప్పుడు కేబుల్ కోణం కూడా పూర్తిగా చర్చిద్దాం.

న్యాయవాది: అప్పుడైనా కేబుల్ వదిలేయండి సార్, స్టేషన్ల గురించి మాట్లాడుకుందాం.