షాక్ కొట్టని కరెంటు

కాలనీ పెద్దలకు, అమ్మలకు నమస్కారం. తిరుపతిలో నవంబరు వానలంటే ఏమిటో 2021 వరదల్లో అందరం చూశాం కాబట్టి పీఠిక అక్కర్లేదు. ఇంట్లో ఉండే బ్యాటరీలతో, ముఖ్యంగా వాటికి తడి తగిలితే వచ్చే ప్రమాదాల గురించి చెబుతాను.

ఈ పళ్లెంలో పచ్చి చికెన్ ముక్క ఉంది. మధ్యాహ్నం దాని మీద ఒక బటన్ సెల్, అంటే నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ, పెట్టాను. ముందు వరసలో వాళ్లు చూడండి, ప్లస్ గుర్తు లేని వైపు ఆనుకున్న చోట మాంసం నల్లగా కమిలి గుంట పడింది. సెల్ ఎక్కడా పగల్లేదు, లోపలి మందు కారలేదు. మూడే వోల్టులు, చేత్తో పట్టుకుంటే చీమ కుట్టినట్టయినా ఉండదు. మనకు భయం లేనిది అందుకే. తడి తగిలితే మాత్రం ఆ కరెంటే అక్కడి తేమతో మాంసాన్ని కాల్చే ఘాటైన క్షారాన్ని పుట్టిస్తుంది.

పిల్లల గొంతులో ఇరుక్కుంటే ఎంగిలి తడి చాలు, రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. రిమోట్లలో, తూకం మిషన్లలో వాడే 2032 రకం, 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ మరీ ప్రమాదం. మింగాడని అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తండి. వాంతి చేయించొద్దు. రూపాయి బిళ్ల మింగితే అరటిపండు తినిపించే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. బిడ్డకు ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకుండా, గుటక వేయగలిగితే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు. అది మంటను కొంత ఆపుతుంది, అంతే. ఇంట్లో తేనె లేకపోతే అంగడికి పోయి ఆలస్యం చేయొద్దు.

ఇక మెట్ల కింద ఇన్వర్టర్. బ్యాటరీలో బోరు నీళ్లు పోస్తే వాటిలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటరైనా బ్యాటరీ మీద ఉన్న పై గీత దాటితే ఛార్జింగ్‌లో యాసిడ్‌తో కలిసి పైకి పొంగుతుంది. మూతల దగ్గర దీపం, అగరబత్తి వద్దు, అక్కడ సులభంగా అంటుకునే హైడ్రోజన్ వాయువు ఉంటుంది.

అసలు షాక్ కొట్టేది ఇక్కడే. వాన నీళ్లు వస్తున్నాయని మెయిన్ ఆపేసి నిశ్చింతగా కూర్చుంటాం. ఇన్వర్టర్ మాత్రం ఇంటి వైర్లలోకి 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. నీళ్లు గడప దాటకముందే దాని స్విచ్ కూడా ఆపండి. నీళ్లు చేరిపోయాక వాటిలో నిలబడి ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మునిగిన ఎలక్ట్రిక్ స్కూటర్‌ను ఆరబెట్టామని ఛార్జింగ్ పెట్టకండి. లోపల తడి నిలిస్తే కొన్ని రోజుల తర్వాతైనా అంటుకోవచ్చు. మెకానిక్ చూసేదాకా ఇంటికి దూరంగా, ఆరుబయట నిలపండి.