చార అంచును గీసేది ఎవరు?

అధ్యక్షులకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

జన్యువును ఏది నడుపుతుందని అడిగితే మన విద్యార్థులు ఉత్తేజక ప్రోటీన్ల గురించి పేజీలు నింపుతారు. నిరోధక ప్రోటీను దగ్గరకు వచ్చేసరికి ‘ఇది జన్యువును ఆపుతుంది’ అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. తప్పు వారిది కాదు, మనం చెప్పే పాఠానిది. పండుఈగ పిండాన్ని ఒక్కసారి సూక్ష్మదర్శినిలో చూసినవారికి ఆ ఒక్క వాక్యం చాలదు.

అర మిల్లీమీటరు పొడవుండే ఆ పిండంలో, గుడ్డు పెట్టిన సుమారు మూడు గంటలకు, దాదాపు 6,000 కేంద్రకాలు పైపొర వెంట బారులు తీరి ఉంటాయి. ఈవెన్‌స్కిప్డ్ అనే జన్యువు వాటిలో ఏడు అడ్డచారలుగా మేల్కొంటుంది. రెండో చారను చూడండి. దాన్ని మేల్కొలిపే బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్లు పిండం ముందు భాగమంతా పరచుకొని ఉన్నా, చార కొద్ది కేంద్రకాల వెడల్పు దాటదు. ముందువైపు జెయింట్, వెనకవైపు క్రూపెల్ అనే నిరోధకాలు దాన్ని కట్టడి చేస్తాయి.

ఇక్కడ నా పరిశోధన తొలిరోజుల సంగతి చెప్పక తప్పదు. రెండో చారను నడిపే డీఎన్ఏ ముక్కలో జెయింట్ అతుక్కునే చోట్లను మార్చి, ఆ పిండాలకు రంగు పట్టించాను. చార లావుగా వచ్చింది. రంగులో ఎక్కువసేపు ఉంచావని పెద్దలన్నారు. నేనూ నమ్మి స్లైడు పారేశాను. రెండోసారీ అంతే. మూడోసారి గాని గమనించలేదు: చార ముందుకు మాత్రమే పాకింది, వెనక అంచు గీత గీసినట్టు అక్కడే ఉంది. రంగు ఎక్కువైతే రెండంచులూ మసకబారాలి కదా! పారేసిన ఆ స్లైడ్లు తలపుకు వస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంతకన్నా అబ్బురమైనది మరొకటి ఉంది. మూడో చార వచ్చేది క్రూపెల్ దట్టంగా ఉన్నచోటనే. రెండో చారను అణిచే ప్రోటీను అదే జన్యువు మూడో చారను ఎందుకు వదిలేస్తుంది? క్రూపెల్ తాను అతుక్కున్న చోటికి సుమారు 100 బేసుల (డీఎన్ఏ అక్షరాల) లోపున్న ఉత్తేజకాలనే అణచగలదు. మూడో చారను నడిపే డీఎన్ఏ ముక్క వేరు, అది రెండో చార ముక్కకు వెయ్యికి పైగా బేసుల అవతల ఉంది.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి నల్లబల్ల మీద పిండం బొమ్మ వేసేటప్పుడు జెయింట్‌ను, క్రూపెల్‌ను ముందు గీయండి. రెండో చారను వాటి మధ్య మిగిలిన సందులో విద్యార్థుల చేతనే గీయించండి.