స్వర్ణముఖి ప్రత్యేక సంచికకు విషయసూచిక ఎలా ఉండాలి?

నమస్కారం. తిరుపతి నుంచి వెలువడే ఒక యాత్రా పత్రిక స్వర్ణముఖి నది మీద ప్రత్యేక సంచిక తీసుకువస్తే, అందులో విషయసూచికను ఎలా తీర్చిదిద్దాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

సాధారణంగా పేరున్న గుడికి మొదటి వరుస ఇచ్చి, తక్కినవాటిని కిందికి నెట్టేస్తుంటారు. నది మీద సంచిక వేస్తున్నప్పుడు వరుసను నదే నిర్ణయించాలని నా గట్టి అభిప్రాయం. చంద్రగిరి రాజమహల్‌తో మొదలై, తిరుచానూరు, గుడిమల్లం, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా బంగాళాఖాతం దాకా శీర్షికలు సాగితే, క్రీస్తుపూర్వం నాటిదని చాలామంది చరిత్రకారులు భావించే శివలింగం ఉన్న గుడిమల్లానికి కూడా శ్రీకాళహస్తితో సమానమైన చోటు దక్కుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. స్వర్ణముఖి ఈశాన్య దిశగా పారుతుంది కాబట్టి, పటంలో నది గీత ఎడమవైపు కింది నుంచి కుడివైపు పైకి ఎక్కుతుంది. పాఠకుడి చూపు మాత్రం పై నుంచి కిందికి దిగుతుంది. శీర్షికలను పటం మీదే పేర్చితే మొదటి కథనం పుట అడుగున పడుతుంది. అలాగని పుట అందం కోసం నదిని తలకిందులు చేయడం యాత్రా పత్రికకు తగని పని, ఎందుకంటే పాఠకులు ఆ బొమ్మను నమ్మి దారి చూసుకుంటారు. అందుకే ఉత్తర దిక్కును సరిగా చూపే చిన్న పటాన్ని ఒక మూలన ఉంచి, శీర్షికలను పక్కన పై నుంచి కిందికి విడిగా పేర్చి, ఊరి పేరు పక్కనా శీర్షిక పక్కనా ఒకే పుట సంఖ్య వేయడం మేలు.

పుట సంఖ్య శీర్షికకు ఎడమవైపున, దాన్ని ఆనుకునే ఉండాలి. కుడి అంచు దాకా చుక్కలు పరిస్తే చూపు పక్క వరుసలోకి జారిపోతుంది. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక, 12 పాయింట్ల అక్షరానికి కనీసం 18 పాయింట్ల వరుస దూరం ఇవ్వాలి. లేకపోతే ‘శ్రీకాళహస్తి’లోని ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. శీర్షికలకు రామభద్ర, వివరాలకు మండలి ఫాంటు చక్కగా నప్పుతాయి.

రంగుల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన నలుపుతో గీతలు గీస్తారు. ఆ గుడ్డ ఛాయను పుటకూ, నలుపును అక్షరాలకూ ఇచ్చి, కలంకారీలోని ఎరుపును పుట సంఖ్యలకు మాత్రమే వాడాలి.

ప్రతి శీర్షిక కింద ఒక్క వాక్యం రాయండి, అందులో పొగడ్త కాకుండా సమాచారం ఉండాలి. ‘అద్భుతమైన చంద్రగిరి’ అనే మాటకన్నా, ‘కలప వాడకుండా కట్టిన రాజమహల్’ అనే మాటే పాఠకుణ్ణి ఆ పుట దాకా తీసుకువెళ్తుంది.

ప్రకటనలు చేరినప్పుడు పుటలు జరుగుతాయి కనుక, అచ్చుకు పంపే ముందు సూచికలోని ప్రతి సంఖ్యనూ ఆ పుట తెరిచి సరిచూడండి.