గోగునార దారిలో భీమిలి

శ్రోతలకు నమస్కారం.

భీమిలి వెళ్ళొచ్చామంటే విశాఖలో చాలామందికి అర్థం ఒకటే. రుషికొండ దాటి, తొట్లకొండ మలుపు తిరిగి, ఎర్రమట్టి దిబ్బల పక్కనుంచి బండి మీద దూసుకుపోవడం, లైట్‌హౌస్ దగ్గర ఫొటో దిగడం, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని వెనక్కి రావడం. ఏళ్ళ తరబడి నేనూ అంతే చేశాను. మొన్న భాద్రపదం చివర్లో ఒక ఆదివారం మాత్రం బండి పక్కన పెట్టి, భీమిలి ఒడ్డు నుంచి గోస్తనీ నది వైపుగా చిట్టివలస దాకా నడిచాను. ఐదారు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ నడక గురించే మీకు చెప్పాలి.

నేను వెళ్ళేసరికి జాలర్లు ఒడ్డున అలివి వల, అంటే ఒడ్డు నుంచే తాళ్ళతో లాగే పెద్ద వల, లాగుతున్నారు. తాడు పట్టుకుని రెండు వరుసలు, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వాలి ఉన్నాయి. అందరికంటే వెనకున్నవాడు చేతిలో తాడు వదిలేసి, పరుగున నీళ్ళ అంచుకి పోయి మళ్ళీ ముందు చెయ్యి వేస్తున్నాడు. అలా వరుస కరగకుండా, వల మాత్రం ఒడ్డుకి వస్తోంది.

ఒకప్పుడు ఇదే ఇసుక మీద ఓడలకెక్కే సరుకు బేళ్ళు దొర్లేవి. భీమిలి పేరుకి రేవే కానీ, ఓడ వచ్చి ఆనుకునే గోడ లేదు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, సరుకంతా మాసులా పడవల్లో మోసుకెళ్ళాలి. ఆ పడవలో ఇనప మేకు అన్నదే ఉండదు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. మేకులు దిగ్గొట్టిన పడవని కెరటం విరిచేస్తుంది, కుట్టు పడవ కెరటానికి ఒదిగి మళ్ళీ నిలబడుతుంది. ఈ తీరం కెరటాన్ని అంతగా ఎరిగినవాళ్ళు మనవాళ్ళు.

17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ కాపురం పెట్టారు, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అందరూ చూపిస్తారు, చూడండి. నాకు మాత్రం ఆ పడవలకెక్కిన సరుకు మీదే మనసు పోతుంది.

మన్యంలో ఏరిన కరక్కాయలు ఇక్కడినుంచే ఓడలెక్కేవి. దగ్గుకి బుగ్గన పెట్టుకునే ఆ కరక్కాయే. విదేశాల్లో తోళ్ళు పదును చెయ్యడానికి దాన్ని కొనేవారు, తోళ్ళ వ్యాపారంలో ఒక రకం కరక్కాయకి ఈ ఊరి పేరుతో ‘బిమ్లీలు’ అనే పేరే స్థిరపడిపోయింది. రెండోది గోగునార. దాన్ని లోకమంతా ‘బిమ్లిపటం జూట్’ అంది. వృక్షశాస్త్రం పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరుంది. మనం పప్పులో వేసుకునే, పచ్చడి నూరుకునే గోంగూర ఉందే, ఆ కుటుంబంలోదే ఈ గోగు.

గోగు పని ఎంత కష్టమో ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తొలకరికి చల్లి, పూత మీద కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరెయ్యాలి. పైన బరువు పెట్టాలి. రెండు మూడు వారాలకి బెరడు మెత్తబడి కంపు మొదలవుతుంది. అప్పుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒక్కో కాడ నుంచి నార ఒలవాలి, జాడించాలి, ఆరెయ్యాలి. నార అమ్మకానికి, గోగుపుల్లలు పొయ్యిలోకి, దడికి.

అంత నార పండే చోట మిల్లు పుట్టడంలో వింత లేదు. చిట్టివలస జూట్ మిల్లులో తరాల తరబడి గోనెగుడ్డ నేశారు, సంచులు కుట్టారు. ఈలోగా రైలు విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక ఓడలకి గోడ దొరికింది. ఇక ఈ ఒడ్డుకి వచ్చే పనేముంది? రేవు సన్నగిల్లినా మిల్లు నిలబడింది. 2009లో అదీ మూతపడింది.

చిట్టివలసలో ఒక అరుగు మీద కూర్చున్న పెద్దాయనతో మాట కలిసింది. మిల్లులో స్పిన్నింగ్ ఖాతాలో చేశారట. ‘‘కూత ఇనబడితే సాలు బాబూ, ముద్ద నోట్లో ఉన్నా లేసిపోయీవోళ్ళం. సుట్టుపక్కల ఊళ్ళకి గడియారం అదే’’ అన్నారు. నార మెత్తబడటానికి నూనె కలిపిన నీళ్ళు చల్లేవారని, ఎన్ని స్నానాలు చేసినా ఆ వాసన ఒంటిని వదిలేది కాదని చెప్పారు. పోగు తెగితే ముడి ఎలా వేసేవారు తాతా అని అడిగాను. ఆయన మాట్లాడలేదు, బొటనవేలూ చూపుడువేలూ గాలిలోనే ఒకసారి తిరిగాయి. నా కంటికి అందేలోపే ముడి పడిపోయింది. అక్కడ పోగే లేదు.

భీమిలికి ఆ పేరు తెచ్చింది చెరువులో నానిన చేతులు, పడవ తోసిన భుజాలు, ఆ రెండు వేళ్ళు. సమాధుల దగ్గరికి చుట్టాల్ని తీసుకెళ్ళినట్టే చిట్టివలసకీ తీసుకెళ్ళాలి మనం. ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా అరుగుల మీద ఉన్నారు, పక్కన కూర్చుని అడగాలి.

లేచి వచ్చేస్తుంటే తాతగారు ఉండమన్నారు. పెరట్లో నాలుగు గోగు మొక్కలున్నాయి. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురెరుపు మచ్చ. ఒక కాడ విరిచి, గోటితో బెరడు గీరి, మొదలు నుంచి కొస దాకా ఒక్క లాగుడులో పచ్చినార తీశారు. దాన్ని రెండు పాయలు చేసి తొడ మీద పేనారు. అరనిమిషంలో మూరెడు తాడైంది. నాకిస్తారనుకుని చెయ్యి చాపాను. ఆయన నా పక్కనుంచి పోయి, పందిరి మీంచి జారిపోతున్న చిక్కుడు తీగని ఎత్తి, ఆ తాడుతో రాటకి కట్టారు.