శత్రువు వెన్ను చూపిన చోట

మిత్రులారా, పాఠశాల వార్షికోత్సవాల్లో పిల్లల చేతికిచ్చే ట్రోఫీ పుట్టిల్లు యుద్ధభూమి. ప్రాచీన గ్రీకులో 'త్రొపే' అంటే తిరగడం, మలుపు. సైన్యం వెన్ను చూపి పారిపోవడాన్నీ అలాగే అనేవారు. శత్రువు అలా తిరిగిన చోట గెలిచినవారు పాతే గుర్తు 'త్రొపాయొన్'.

అది చూడటానికి మన పొలంలో దిష్టిబొమ్మలా ఉండేది. ఒక చెట్టు మొద్దు, దానిపై ఓడినవాడి శిరస్త్రాణం, కింద కవచం, పక్కన డాలు. రాతితోనో కంచుతోనో చేస్తే పగ కలకాలం నిలిచిపోతుందని కొయ్యతో సరిపెట్టేవారట. ఎండకూ వానకూ శిథిలమైతే మళ్లీ నిలబెట్టడం తగదని గ్రీకు రచయిత ప్లూటార్క్ అభిప్రాయం. మాట మంచిదే కానీ అందరూ పాటించలేదు. క్రీ.పూ. 490 నాటి మారథాన్ విజయానికి గుర్తుగా ఏథెన్స్‌వారు తర్వాత పాలరాతి స్తంభమే ఎత్తారు. క్రీ.పూ. 433లో సైబొటా నౌకాయుద్ధం ముగిశాక గ్రీకు నగర రాజ్యాలైన కొరింథువారూ కొర్కైరావారూ ఎవరికి వారే గెలిచామంటూ చెరొక త్రొపాయొన్ పాతుకున్నారు! ఎన్నికల ఫలితాల మర్నాడు మన పార్టీల విలేకరుల సమావేశాలు చూసేవారికి ఇది కొత్తేమీ కాదు.

సూర్యుడికీ త్రొపే ఉంది. మన ఉత్తరాయణం, దక్షిణాయనం మొదలయ్యే మలుపులే అవి. శీతకాలపు మలుపు దాటిన 60 రోజులకు స్వాతి నక్షత్రం సంధ్యవేళ ఉదయిస్తుందని, ఆ తర్వాత వానకోయిల రాకముందే ద్రాక్షతీగలు కత్తిరించుకోవాలని ప్రాచీన గ్రీకు కవి హెసియోడ్ రైతులకు చెప్పాడు. పంచాంగం లేని రైతుకు అంతకంటే ఏం కావాలి?

చెడిపోయిన వైనుకూ ఇదే మాట నుంచి 'త్రొపియాస్' అని పేరు. సేన విరిగింది, పాలు విరిగాయి అని ఒకే క్రియతో చెప్పే మనకు ఇది వింతగా తోచదు.

అసలు చిక్కు గ్రీకు మహాకవి హోమర్‌తో వచ్చింది. తన కావ్యం ఒడిస్సీ మొదటి పాదంలోనే నాయకుడు ఒడిస్యూస్‌ను 'పొలూత్రొపోస్', అంటే 'ఎన్నో మలుపులవాడు' అన్నాడు. ఎన్నో దారులు తిరిగినవాడనా, ఎన్నో ఎత్తులు తెలిసినవాడనా? తత్త్వవేత్త ప్లేటో రాసిన ఒక సంభాషణలో హిప్పియస్ అనే పండితుడు తేల్చిపారేస్తాడు: హోమర్ మరో వీరుడు అకిలీజ్ సూటి మనిషి, ఒడిస్యూస్ పొలూత్రొపోస్, అంటే అబద్ధాలకోరు. సోక్రటీస్ శిష్యుడు ఆంతిస్తెనీస్ ఒప్పుకోలేదు. ఎదుటివారిని బట్టి మాట తీరు మార్చగలగడం వివేకమని, ఒడిస్యూస్‌కు ఆ పేరు అందుకే దక్కిందని వాదించాడు. నా ఓటు ఆంతిస్తెనీస్‌కే. ఒంటికన్ను రాక్షసుడి గుహలో చిక్కిన ఒడిస్యూస్ తన పేరు 'ఎవరూ కాదు' అని చెప్పకపోతే, కేకలు విని వచ్చిన తోటి రాక్షసులు నిన్ను బాధపెట్టిందెవరని అడిగినప్పుడు వాడు 'ఎవరూ కాదు' అనేవాడూ కాదు, కథ అక్కడే ముగిసేది.